అరుంధతిని నిజంగా చూడాలంటే: మన దగ్గరి వాగ్‌మన్ అబ్జర్వేటరీ, సభ్యులకు అక్కడ దొరికేవి

మన పెళ్ళిళ్ళలో తలంబ్రాలు అయ్యాక పురోహితులు వధూవరులను బయటికి తీసుకొచ్చి ఆకాశం వైపు వేలు చూపిస్తారు. ఇక్కడ పెళ్ళి ముహూర్తాలు సాధారణంగా శనివారం పగటిపూటే. హాలు అద్దె సాయంత్రానికి అయిపోతుంది కాబట్టి అరుంధతీ దర్శనం మిట్టమధ్యాహ్నం పార్కింగ్ లాట్‌లో, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని జరుగుతుంది. "కనిపించిందా అమ్మా?" అంటే "కనిపించిందండీ" అంటారు. ఫోటోగ్రాఫర్ క్లిక్ మంటాడు. అందరం నవ్వుకుంటాం.

తప్పు పట్టడం కోసం ఈ మాట చెప్పడం లేదు. అర్చన టికెట్ మీద ప్రతి వారం మన పిల్లల నక్షత్రాలు రాయిస్తున్నాం: రోహిణి, మఖ, చిత్త, శ్రవణం. ఆ పేర్లున్న చుక్కలు ఆకాశంలో ఎక్కడున్నాయో మనలో చాలామందికి చూపించడం రాదు. ఇండియాలో పొలాల పక్కన పెరిగిన పెద్దవాళ్ళకు కొంత తెలుసు. వాళ్ళ తర్వాత మన దగ్గర ఆగిపోయింది. దీనికి మందు పిట్స్‌బర్గ్‌కి ఈశాన్యంగా, అలెఘేనీ కౌంటీలోనే, డీర్ లేక్స్ పార్కులో ఒక చిన్న కొండ మీద ఉంది. పేరు నికొలస్ వాగ్‌మన్ అబ్జర్వేటరీ. దాన్ని నడిపేది ఏ యూనివర్సిటీయో నాసాయో కాదు, పిట్స్‌బర్గ్ అమెచ్యూర్ ఖగోళ సంఘం సభ్యులు. మనలాగే పగలు ఉద్యోగాలు చేసుకుని, వారాంతంలో వచ్చి తాళం తీసేవాళ్ళు.

మన కుటుంబాలు కొన్ని ఆ ప్రజా ప్రదర్శనలకు, అంటే స్టార్ పార్టీలకు, ఒకటి రెండు సార్లు వెళ్ళొచ్చాయి. సభ్యులుగా చేరినవాళ్ళు మాత్రం నాకు తెలిసి చాలా తక్కువ. ఒకసారి వెళ్ళి చూసి రావడానికీ సభ్యులుగా చేరడానికీ ఉన్న తేడా చెప్పడమే ఈ వ్యాసం పని. ఆ తేడా అంతా మన ఊరి మబ్బుల్లో ఉంది.

మబ్బుల ఊరు

పిట్స్‌బర్గ్ అమెరికాలో బాగా మబ్బు పట్టే నగరాల్లో ఒకటి. నవంబరు నుంచి మార్చి దాకా వారాల తరబడి సూర్యుడు కనిపించని సంగతి మనందరికీ తెలుసు. విటమిన్ డి మాత్రలు వేసుకోని ఇల్లు మన దగ్గర అరుదు. స్టార్ పార్టీలు వసంతం నుంచి శరత్తు దాకా, ముందే ప్రకటించిన శుక్ర, శనివారాల్లో జరుగుతాయి. ప్రవేశం ఉచితం. ఆ శనివారం మబ్బు పడితే టెలిస్కోపులతో చూడటానికి ఏమీ ఉండదు. మూడు శనివారాలు అనుకుని మూడూ మబ్బు పట్టిన వేసవి ఉంటుంది. పిల్లలు "నాన్నా, మళ్ళీ క్యాన్సిలా?" అని, నాలుగోసారి అడగడమే మానేస్తారు.

ఆకాశం విప్పారేది మాత్రం ఏ మంగళవారమో. చలిగాలి వచ్చి వాన వెలిసి, రాత్రి తొమ్మిదికి చుక్కలు గాజుముక్కల్లా మెరిసే రోజు. ఆ రోజు పబ్లిక్ కోసం గేటు తెరిచి ఉండదు. సభ్యులకు మాత్రం అవకాశం ఉంటుంది. టెలిస్కోపులు నడపడం నేర్చుకుని, శిక్షణ పూర్తి చేసుకున్న సభ్యుల దగ్గర తాళాలు ఉంటాయి. వాళ్ళలో ఎవరైనా ఆ రాత్రి వెళ్తుంటే మిగిలిన సభ్యులు కూడా కలుస్తారు. మీరే శిక్షణ తీసుకుంటే ఎవరి కోసమూ ఎదురు చూడక్కర్లేదు. మనలాంటి వాతావరణంలో సభ్యత్వం విలువ ఇదే. టెలిస్కోపుకంటే ముందు మీకు దొరికేది తెరిపి రాత్రి.

అరిజోనాలో ఉన్నవాళ్ళకు ఈ మాట అంత పట్టదు. మనకు పడుతుంది.

కొండ మీద ఏముంది

వాగ్‌మన్ అబ్జర్వేటరీ 1987లో మొదలైంది. అలెఘేనీ అబ్జర్వేటరీకి చాలా ఏళ్ళు డైరెక్టరుగా ఉన్న ఖగోళ శాస్త్రవేత్త పేరు దీనికి పెట్టారు. ఇక్కడ ముఖ్యంగా రెండు పెద్ద టెలిస్కోపులున్నాయి.

ఒకటి 11 అంగుళాల రిఫ్రాక్టరు. అంటే ముందు పెద్ద లెన్సు, వెనక మనం కన్ను పెట్టే ఐపీస్, మధ్యలో పొడవాటి గొట్టం. పిల్లలు బొమ్మల్లో గీసే టెలిస్కోపు అచ్చం ఇలాగే ఉంటుంది. దీన్ని 1908లో ఈ ఊళ్ళోనే జాన్ బ్రాషియర్ కంపెనీ తయారుచేసింది. వందేళ్ళు దాటిన వస్తువు, ఇవాళ్టికీ పనిచేస్తోంది. చంద్రుడు, శని, గురుడు, జంట నక్షత్రాలు దీనిలో చూడాలి. బొమ్మ అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయి.

రెండోది 21 అంగుళాల మంకా స్మారక టెలిస్కోపు. దీనిలో లెన్సు బదులు గొట్టం అడుగున పుటాకార అద్దం ఉంటుంది. వెలుతురును పోగుచెయ్యడం దీని పని. చీకట్లో మన కంటిపాప మహా అయితే 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. 21 అంగుళాలంటే 533 మిల్లీమీటర్లు. వైశాల్యం లెక్కన ఈ అద్దం కంటికంటే 5,800 రెట్లు ఎక్కువ వెలుతురు పడుతుంది. ఒక వాన చినుకులు దోసిట్లో పట్టడానికీ ఇంటి డాబా మీద పట్టడానికీ ఉన్న తేడా అనుకోండి. పుట్టినరోజుకి మనం కొనిచ్చే 60 మిల్లీమీటర్ల టెలిస్కోపుతో పోలిస్తే కూడా ఇది దాదాపు 80 రెట్లు.

ఆ పుట్టినరోజు టెలిస్కోపుల గురించి ఒక్క మాట. పెట్టె మీద "675 రెట్లు" అని రాసి, వెనక నెబ్యులా రంగుల బొమ్మ వేసి అమ్ముతారు. కాళ్ళు వణుకుతాయి, చంద్రుడు తప్ప ఇంకేదీ దొరకదు. రెండు వారాల తర్వాత గ్యారేజీలో బ్రెడ్ మేకర్ పక్కన చేరుతుంది. ఆ డబ్బుతో 7x50 గానీ 10x50 గానీ బైనాక్యులర్ కొనండి, మిగిలింది క్లబ్బు సభ్యత్వానికి పెట్టండి. ఇంటికి వచ్చి అడిగిన ప్రతివాళ్ళకీ నేను ఇదే చెప్తాను. విన్నవాళ్ళెవరూ తర్వాత నన్ను తిట్టలేదు.

ఈ సంఘానికి ఇంకో అబ్జర్వేటరీ కూడా ఉంది. పిట్స్‌బర్గ్‌కి దక్షిణాన వాషింగ్టన్ కౌంటీలో మింగో క్రీక్ పార్కులో ఉంది. అక్కడ 10 అంగుళాల రిఫ్రాక్టరు, 24 అంగుళాల అద్దం టెలిస్కోపు, లోపల కూర్చుని చూసేందుకు చిన్న నక్షత్రశాల ఉన్నాయి. సౌత్ హిల్స్, క్యానన్స్‌బర్గ్ వైపు ఉండే కుటుంబాలకు అదే దగ్గర. ఒక సభ్యత్వంతో రెండు చోట్లా మీరు సభ్యులే.

ఈ ఊరికి ఈ పిచ్చి ఎలా పట్టింది

ఉక్కు ఊరికి చుక్కలతో ఏం పని అనిపించవచ్చు. 1859లో ఇక్కడి వ్యాపారస్తులు కొందరు కలిసి ఒక టెలిస్కోపు సంఘం పెట్టుకున్నారు. ఊరివాళ్ళందరూ చూడటానికి ఒక పెద్ద టెలిస్కోపు కొనాలని చందాలు వేసుకున్నారు. 1861 నాటికి 13 అంగుళాల టెలిస్కోపు పనిచెయ్యడం మొదలుపెట్టింది. కొన్నేళ్ళకు మోజు తగ్గింది, అప్పులు పెరిగాయి, 1867లో దాన్ని ఇప్పటి పిట్ యూనివర్సిటీకి ఇచ్చేశారు. అదే అలెఘేనీ అబ్జర్వేటరీ. అంటే ఈ ఊరి పెద్ద అబ్జర్వేటరీ కూడా ఒక క్లబ్బుగానే పుట్టింది. చందాలతో మొదలైన సంస్థలకు మోజు తగ్గాక ఏమవుతుందో ఏ గుడి కమిటీకైనా తెలుసు.

తర్వాత డైరెక్టరుగా వచ్చిన శామ్యూల్ లాంగ్లీ ఉపాయం ఆలోచించాడు. నక్షత్రాలు చూసి కచ్చితమైన సమయం లెక్కగట్టి, 1869 నుంచి టెలిగ్రాఫు మీద పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కి అమ్మాడు. రైళ్ళ గడియారాలు చుక్కల్ని బట్టి నడిచాయి, ఆ డబ్బుతో పరిశోధన నడిచింది. 1872లో దొంగలు టెలిస్కోపు లెన్సు ఎత్తుకుపోయి డబ్బు అడిగారు కూడా. లాంగ్లీ ఇవ్వనన్నాడు. లెన్సు గీతలు పడి తిరిగి దొరికింది, దాన్ని ఆల్వన్ క్లార్క్ మళ్ళీ సానపట్టాడు. శని వలయాలు గట్టి పళ్ళెం కాదని, విడివిడి ముక్కల గుంపు అని 1895లో జేమ్స్ కీలర్ నిరూపించింది ఈ టెలిస్కోపుతోనే. ఇప్పటికీ రివర్‌వ్యూ పార్కులో ప్రజలకు చూపించేది దానితోనే.

జాన్ బ్రాషియర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 1840లో మోనొంగహేలా నది ఒడ్డున బ్రౌన్స్‌విల్‌లో పుట్టాడు. చిన్నప్పుడు తాతగారు ఒకరి టెలిస్కోపులో శని గ్రహాన్ని చూపించారట. ఆ చూపు వదల్లేదు. పెద్దయ్యాక సౌత్ సైడ్‌లో ఉక్కు మిల్లులో మెకానిక్కు. పగలంతా మిల్లులో పని. రాత్రి ఇంటి వెనక చిన్న షెడ్డులో భార్య ఫీబీతో కలిసి 5 అంగుళాల లెన్సు అరగదీసేవాడు. ఆయన ఇంటికి వచ్చేసరికి ఆమె షెడ్డులో బాయిలరు వెలిగించి ఆవిరి సిద్ధంగా ఉంచేది. మధ్యలో లెన్సు పగిలింది, మళ్ళీ మొదలుపెట్టారు. మొత్తం మూడేళ్ళు పట్టింది. పూర్తయ్యాక ఇరుగుపొరుగును పిలిచి చూపించారు.

ఆ లెన్సు పట్టుకుని లాంగ్లీ దగ్గరికి వెళ్తే, ఆయన వెండిపూత అద్దాల టెలిస్కోపుల మీద ఒక పుస్తకం అరువిచ్చాడు. తర్వాత విలియం థా అనే రైల్వే ధనవంతుడు బ్రాషియర్‌కి సొంత వర్క్‌షాపు పెట్టించాడు. ప్రపంచంలో పేరున్న అబ్జర్వేటరీలకు పరికరాలు ఈ ఊరి నుంచి వెళ్ళాయి. స్కూలు చదువు అంతంత మాత్రమే అయినా ఊరంతా "అంకుల్ జాన్" అని పిలిచేవారు. 1912లో ప్రారంభమైన కొత్త అలెఘేనీ అబ్జర్వేటరీ భవనం కోసం ఊరంతా తిరిగి చందాలు పోగుచేసింది ఆయనే. సామాన్యులకు అందులో చోటు ఉండాలని పట్టుబట్టింది కూడా ఆయనే. 1920లో పోయారు. భార్యాభర్తలిద్దరి చితాభస్మం ఆ అబ్జర్వేటరీ కింద నేలమాళిగలో ఉంది.

మన పిల్లలకు కథలు చెప్తుంటాం కదా, ఈ కథ కూడా చెప్పండి. ఇదే ఊరి కథ, వాళ్ళ స్కూలు బస్సు తిరిగే రోడ్లలో జరిగింది.

అమెచ్యూర్ సంఘాన్ని 1929లో లియో స్కాన్లన్, చెస్టర్ రో అనే ఇద్దరు మొదలుపెట్టారు. స్కాన్లన్ తన ఇంటి దగ్గర 1930లో అబ్జర్వేటరీ కట్టుకుని దానికి అల్యూమినియం గుమ్మటం పెట్టాడు. అల్యూమినియంతో అలాంటిది అదే మొదటిదని చెప్తారు. అల్యూమినియం పరిశ్రమ పుట్టిన ఊళ్ళో అది సహజమే.

మనవాళ్ళకు ఇవన్నీ కొత్త అనుకోకండి. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లో సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. మద్రాసు అబ్జర్వేటరీలో టేలర్ దగ్గర ఖగోళం నేర్చుకుని వచ్చిన తెలుగు జమీందారు ఆయన. తర్వాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు అక్కడి నుంచి పరిశీలించారు. అంటే బ్రాషియర్ ఇక్కడ షెడ్డులో లెన్సు అరగదీస్తున్న రోజుల్లోనే విశాఖలో తెలుగువాళ్ళు టెలిస్కోపు పక్కన గడియారం పెట్టుకుని లెక్కలు రాసుకుంటున్నారు. ఆ ఇష్టం మనకు అరువు తెచ్చుకున్నది కాదు.

పంచాంగం చేతిలో ఉంటే

క్లబ్బు క్యాలెండరు మనకు సులభంగా అర్థమవుతుంది. స్టార్ పార్టీలు సాధారణంగా శుక్ల సప్తమి, అష్టమి దగ్గర్లో పెడతారు. ఎందుకంటే అర్ధచంద్రుడు సూర్యాస్తమయానికే ఆకాశంలో ఎత్తున ఉంటాడు, చంద్రుడి మీద ఎండ ఏటవాలుగా పడి గుంటలకు, కొండలకు పొడుగు నీడలు వస్తాయి. ఆ నీడల వల్లే అవి కళ్ళకు కడతాయి. పౌర్ణమి నాడు టెలిస్కోపులో చంద్రుణ్ణి చూస్తే నీడల్లేని తెల్లటి అప్పడంలా ఉంటాడు. కళ్ళు కూడా చెదురుతాయి. మనం సత్యనారాయణ వ్రతం చేసుకునే రాత్రి టెలిస్కోపుకి సెలవే.

సభ్యులు పాలపుంతలు, నెబ్యులాలు చూడటానికి వచ్చేది అమావాస్య చుట్టూ ఉన్న వారంలో. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ, హెర్క్యులిస్‌లో లక్షల నక్షత్రాల గుచ్ఛం లాంటివి చంద్రుడు లేని రాత్రే తేలుతాయి. అమావాస్య నాడు బయటికి వెళ్ళొద్దనే అమ్మమ్మలు ఇంట్లో ఉంటే మీరూ మీరూ తేల్చుకోండి.

మన నక్షత్రాల్లో ఏవి ఎప్పుడు కనిపిస్తాయన్నది పిల్లలకు నేర్పడానికి కార్తెలు బాగా పనికొస్తాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటాం, మే నెలాఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉన్నాడని అర్థం. అంటే రోహిణి కార్తెలో రోహిణి నక్షత్రం అసలు కనిపించదు, సూర్యుడి వెలుగులో మునిగి ఉంటుంది. దాన్ని చూడాలంటే ఆరు నెలలు ఆగాలి. డిసెంబరులో రాత్రి ఎత్తున, కాస్త ఎర్రగా, కృత్తికల పక్కనే ఉంటుంది. ఇంగ్లీషులో అల్డెబరాన్. పిల్లలకు ఈ సంగతి చెప్పి "మరి మఖ కార్తె ఆగస్టులో వస్తే మఖ నక్షత్రం ఎప్పుడు బాగా కనిపిస్తుంది?" అని అడగండి. లెక్క వాళ్ళే వేస్తారు.

ఇక్కడి ఆకాశానికీ అక్కడి ఆకాశానికీ తేడాలున్నాయి. విశాఖలో గానీ హైదరాబాదులో గానీ ధ్రువనక్షత్రం దిగంతానికి 17 డిగ్రీల పైన, చెట్ల మధ్య ఎక్కడో ఉంటుంది. ఇక్కడ 40 డిగ్రీలు, మేడ మీద దీపంలా. సప్తర్షి మండలం ఇక్కడ దాదాపు అస్తమించదు. బదులుగా మూలా నక్షత్రం దక్షిణాన చెట్ల కొమ్మల్ని రాసుకుంటూ పోతుంది. అగస్త్య నక్షత్రం అయితే పిట్స్‌బర్గ్‌లో ఎప్పటికీ ఉదయించదు. తిరుపతిలో చలికాలం రాత్రి దక్షిణాన దివిటీలా వెలిగే చుక్క అది. అగస్త్యుడు దక్షిణానికి వెళ్ళి తిరిగి రాలేదన్న కథ ఇక్కడి నుంచి చూస్తే అక్షరాలా నిజం.

వేసవిలో ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ళను ఒక్కసారైనా తీసుకెళ్ళండి. నయాగరా, న్యూయార్క్ అయ్యాక వాళ్ళకు తోచేది ఉండదు. ఒక స్టార్ పార్టీలో క్యూలో మా ముందు నిలబడ్డ ఒక పెద్దావిడ, కాకినాడ వైపు నుంచి వచ్చారట, టెలిస్కోపు దగ్గరికి రాకముందే వేలితో స్వాతి, చిత్త చూపించి మనవలకు పేర్లు చెప్తున్నారు. ఆ క్లబ్బు వాలంటీరు ఆమె మాటలు మనవడి చేత తర్జుమా చేయించుకుని విన్నాడు. ఆర్క్‌ట్యూరస్, స్పైకా అని తను చెప్పాడు. ఇద్దరివీ అవే చుక్కలు. తర్వాత ఆమె శని వలయాలు చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక ఉన్నవాళ్ళెవరూ తొందరపెట్టలేదు.

అరుంధతి టెలిస్కోపులో

సప్తర్షుల్లో తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, దాని పక్కనే మసకగా అరుంధతి. కంటిచూపు బాగుంటే ఊరి శివార్లలోనే రెండూ విడిగా కనిపిస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాత్రి వేళ తల పైకెత్తితే చాలు. ఇక బ్రాషియర్ టెలిస్కోపులో చూస్తే వశిష్ఠుడు ఒక్కడు కాదు, ఇద్దరు. దగ్గర దగ్గరగా రెండు తెల్లటి చుక్కలు. టెలిస్కోపుతో కనుక్కున్న జంట నక్షత్రాల్లో ఇదే మొదటిది, 17వ శతాబ్దంలో. వర్ణపటం చూస్తే ఆ రెండింటిలో ఒక్కొక్కటీ మళ్ళీ జంటే. అరుంధతికి కూడా ఒక చిన్న తోడు ఉందని 2009లో కనుక్కున్నారు. మొత్తం ఆరు. దూరం సుమారు 80 కాంతి సంవత్సరాలు. మీరు ఇవాళ చూసే వెలుగు మన తాతగార్లు పెళ్ళిపీటల మీద కూర్చున్న రోజుల్లో బయల్దేరింది.

వశిష్ఠుడికీ అరుంధతికీ మధ్యలో ఇంకో మసక చుక్క కనిపిస్తుంది. దానికీ వీళ్ళకూ సంబంధం లేదు, చాలా వెనక దూరంగా ఉంటుంది. సంసారం అన్నాక మధ్యలో ఎవరో ఒకరు కనిపిస్తూనే ఉంటారు.

సభ్యులుగా చేరితే

సభ్యత్వ రుసుము పెద్ద మొత్తం కాదు. కుటుంబంతో రెస్టారెంటుకు ఒకసారి వెళ్ళొచ్చిన ఖర్చు అనుకోండి. ఏటా మారవచ్చు కాబట్టి చేరేముందు క్లబ్బువాళ్ళనే అడగండి. నెలనెలా సమావేశం, అందులో ఒక ప్రసంగం ఉంటాయి. "గైడ్ స్టార్" అనే వాళ్ళ పత్రిక వస్తుంది. కానీ అసలు లాభం మనుషులు. మీ ఇంట్లో మూలన పడి ఉన్న టెలిస్కోపును తీసుకెళ్తే దాన్ని సరిచేసి చూపించేవాళ్ళు ఉంటారు. కొత్తది కొనేముందు నాలుగు రకాలు వాళ్ళ వాటిల్లో చూసి తెలుసుకోవచ్చు. వాళ్ళు ఏదీ అమ్మరు కాబట్టి ఉన్నమాట చెప్తారు.

పెద్ద టెలిస్కోపు నడపడానికి శిక్షణ ఉంటుంది. కప్పు తెరవడం, గొట్టాన్ని తిప్పడం, ఐపీస్‌లు మార్చడం, చివర అన్నీ మూసి తాళం వెయ్యడం. వందేళ్ళ లెన్సు ముందు నిలబడి నేర్చుకోవడానికి ఓపిక కావాలి. నేర్చుకున్నాక స్టార్ పార్టీల్లో మీరు అవతలి వైపు నిలబడతారు, క్యూలో వచ్చేవాళ్ళకు మీరే శని గ్రహం చూపిస్తారు. సభ్యత్వంలో నిజమైన రుచి అక్కడే తెలుస్తుంది.

హైస్కూలు పిల్లల తల్లిదండ్రులకు ఒక విన్నపం. కాలేజీ దరఖాస్తులో ఒక వరుస రాసుకోవడానికి మాత్రమే పంపకండి. చలిలో మూడు గంటలు నిలబడి, రాత్రి పన్నెండుకు గొట్టం మీద మంచు తుడిచేవాళ్ళకు ఆ సంగతి రెండో వారానికే తెలిసిపోతుంది. ఇష్టం ఉన్న పిల్లైతే ఆపకండి. వారానికి ఒక ట్యూషన్ తగ్గినా ఫర్వాలేదు. చిన్నపిల్లలు సభ్యులుగా ఉన్నప్పుడు అమ్మో నాన్నో పక్కన ఉండాలి, అదీ కారులో ఫోను చూసుకుంటూ కాదు.

ఆ సంఘం సభ్యుల్లో తలనెరిసినవాళ్ళు ఎక్కువ. వాళ్ళు కట్టిన దాన్ని తర్వాత ఎవరు నడుపుతారన్న ప్రశ్న వాళ్ళకూ ఉంది. మన గుడి వంటింట్లో ఆదివారం పులిహోర కలిపే చేతులు తగ్గుతున్నాయని మనం దిగులు పడటం లేదూ, అలాంటిదే. మనలో ఇంజనీర్లున్నారు, ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్ళున్నారు, వెల్డింగు దాకా వచ్చినవాళ్ళున్నారు. అక్కడ ఆ పనులన్నిటికీ మనుషులు కావాలి.

వెళ్ళేముందు

జూన్‌లో ఇక్కడ సూర్యుడు రాత్రి తొమ్మిదికి గానీ దిగడు, పూర్తి చీకటి పడేసరికి పదకొండు దగ్గర పడుతుంది. చిన్నపిల్లలకు సెప్టెంబరు, అక్టోబరు నయం. ఎనిమిదికల్లా మొదలుపెట్టవచ్చు. ఎండాకాలమైనా కొండ మీద రాత్రి చలేస్తుంది. స్వెట్టరు, పెద్దవాళ్ళకు శాలువా, మడత కుర్చీ తీసుకెళ్ళండి. ఫ్లాస్కులో టీ ఉంటే పక్కవాళ్ళతో స్నేహం కలుస్తుంది. దోమల మందు కారు దగ్గరే కొట్టుకోండి, టెలిస్కోపు దగ్గర కాదు. ఆ తుంపర్లు లెన్సు మీద పడితే పాడవుతుంది.

చీకటికి కళ్ళు అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి తెల్లటి ఫోను లైటు వేస్తే మీకే కాదు, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఆ అరగంట మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి చిన్న టార్చికి ఎర్ర కాగితం చుట్టి తీసుకెళ్ళండి. కారు తలుపు తీస్తే లోపల వెలిగే లైటు ముందే ఆపెయ్యండి. పిల్లల మెరిసే బూట్లు ఇంట్లోనే వదిలెయ్యండి.

ఐపీస్‌లో నెబ్యులా చూసినప్పుడు నాసా బొమ్మల్లోని గులాబీ, నీలం రంగులు కనిపించవు. బూడిదరంగు మబ్బులా ఉంటుంది. ఆ రంగులు కెమెరా చాలాసేపు పోగేసినవి. మీ కంటికి తగిలింది మాత్రం అక్కడి నుంచి బయల్దేరి, దారిలో ఎవరి చేతిలోనూ పడకుండా మీ దాకా వచ్చిన వెలుగు. పిల్లలకు ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్తే నిరాశ పడరు.

ఇంకొక సంగతి మన ఇళ్ళకు సంబంధించింది. పిట్స్‌బర్గ్ నగరం 2021లో వీధిదీపాలు, పార్కుల దీపాలు ఆకాశంలోకి కాంతి చిమ్మకుండా ఉండాలని చట్టం చేసింది. శివార్లలో ఉన్న మన ఇళ్ళ గ్యారేజీ లైట్లకు అది వర్తించదు, కానీ పైకి వెలిగే బల్బుకు ఒక మూత పెట్టడం కష్టమేమీ కాదు. 2024 ఏప్రిల్ 8న సంపూర్ణ సూర్యగ్రహణానికి మనలో చాలామంది ఈరీ దాకా కారు నడుపుకుంటూ వెళ్ళారు, ఇక్కడ 97 శాతమే పడుతుందని తెలిసి. మూడు నిమిషాల పైచిలుకు చీకటి కోసం అంత దూరం వెళ్ళిన మనకు డీర్ లేక్స్ పార్కు పెద్ద దూరం కాదు. ఇంకా చిమ్మచీకటి కావాలంటే పెన్సిల్వేనియాలోనే పాటర్ కౌంటీలో చెర్రీ స్ప్రింగ్స్ పార్కు ఉంది. అక్కడి ఆకాశంలో పాలవెల్లి పొగమంచులా కనిపిస్తుంది. కానీ అది పోయి రావడానికి ఒక రోజు పని. ముందు దగ్గరది చూడండి.

వచ్చే శుక్ల అష్టమి ఏ తేదీనో పంచాంగంలో చూసుకోండి. దానికి దగ్గర్లో ఉన్న శుక్ర, శనివారాల్లో ఒకరోజు స్టార్ పార్టీ ఉండే అవకాశం ఎక్కువ. బయల్దేరేముందు మబ్బు సంగతి కనుక్కోండి. గుడి నుంచి రెండు మూడు కార్లు కలిసి వెళ్ళాలనుకుంటే ఆదివారం భోజనాల దగ్గర చెప్పండి, ఎర్ర కాగితం చుట్టిన టార్చీలు నా దగ్గర నాలుగున్నాయి.